నీరు చేరింది ముందు, కనిపించింది వెనక: వానకు తడిసిన ఒక కారు కేసు

విశాఖపట్నంలో కార్ల లోపలి భాగాలను శుభ్రం చేయడం, సీట్లు, కార్పెట్ మరమ్మతు చేయడం నా వృత్తి. వానాకాలంలో మా షెడ్‌కు వచ్చే తడిసిన కార్లలో చాలావాటి కథ చూడగానే తెలిసిపోతుంది. ఒకటి అద్దం దించి మరిచిపోయినది, మరొకటి లోతట్టు రోడ్డులో నిలిచిన నీటిలోకి దిగినది. ఇక్కడ రాస్తున్న కారు ఈ రెండు కోవల్లోనూ లేదు. ఒకసారి డబ్బు పెట్టి కడిగించినా, నెలలోపే వాసన తిరిగి వచ్చిన కారు ఇది. ఇందులో తీసుకున్న ప్రతి నిర్ణయం వెనక కారణమేమిటో వివరిస్తే, ఇదే పని చేసేవారికీ, సొంత కారు ఆరబెట్టుకోవాలనుకునేవారికీ ఉపయోగపడుతుంది. యజమాని ఎవరో, కారు ఏ కంపెనీదో, కాలనీ ఏదో తెలిసే వివరాలు వదిలేశాను.

నేపథ్యం

కారు చిన్న హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు బండి, కొని ఏడేళ్ళు దాటింది. నగరంలోని కొండవాలు కాలనీల్లో ఒకచోట, ఇంటి ముందు రోడ్డు మీదనే, నిద్రగన్నేరు చెట్టు కింద నిలుపుతారు. రోడ్డు ఎగువకు ఉండటంతో కారు ముక్కు ఎప్పుడూ పైకే ఉంటుంది. ఈ రెండు సంగతులూ మొదట్లో ఎవరికీ ముఖ్యమనిపించలేదు. అక్టోబరులో, అంటే మన దగ్గర ఏడాది మొత్తంలో ఎక్కువగా వానపడే రోజుల్లో, కుటుంబమంతా ఊరెళ్ళింది. తిరిగి వచ్చి తలుపు తీసేసరికి వెనక ఎడమవైపు కాళ్ళు పెట్టే చోట నీరు నిలిచి ఉంది. ఆ పక్క తలుపు అద్దం పైన సన్నని సందు కూడా ఉంది. అద్దం సరిగ్గా ఎక్కించలేదు కాబట్టి వాన లోపలికి కొట్టిందని అందరూ నమ్మారు.

కళ్ళ ముందు అద్దం సందు కనిపిస్తుండగా వేరే కారణం వెతకాలని ఎవరికీ తోచదు. అందుకని ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను.

మా దగ్గరకు రాకముందు జరిగినవి

నిలిచిన నీటిని గుడ్డలతో తోడేశారు. వాన తెరిపి ఇచ్చిన మధ్యాహ్నాల్లో తలుపులు తెరిచి ఎండకు పెట్టారు. సాయంత్రానికి కార్పెట్ పైపొర పొడిగా తగిలేది, తెల్లారేసరికి అద్దాల లోపలివైపు ఆవిరి పట్టి ఉండేది. తరువాత ముక్కవాసన మొదలైంది. కర్పూరం బిళ్ళలు, గిన్నెలో కాఫీపొడి, డ్యాష్‌బోర్డు మీద సెంటు డబ్బా వరుసగా వచ్చాయి. ఎవరో చెప్పారని కార్పెట్ మీద వంటసోడా చల్లారు. అది తడికి ముద్దయి, సీటు పట్టాల గాడిలో సున్నంలా గట్టిపడింది. సీటు ముందుకూ వెనక్కూ జరగనంతగా బిగిసిపోవడంతో, తరువాత మేము స్క్రూడ్రైవర్‌తో గీకి తీయవలసి వచ్చింది.

ఆ తరువాత ఒక చోట ఇంటీరియర్ షాంపూ వాష్ చేయించారు. రెండు రోజులు మంచి వాసన వచ్చింది, వారం గడిచేసరికి మునుపటి కంటే ఎక్కువ కంపు కొట్టింది. దీనికి కారణం సులభంగానే తెలుస్తుంది. అడుగున తడి ఉండగా పైనుంచి ఇంకొంచెం నీరు, సబ్బు చేర్చడం వల్ల బూజుకు మేత, చెమ్మ రెండూ దొరికాయి. షాంపూ పట్టించేవారు కార్పెట్ ఎత్తి చూడలేదు. అలా చూడటం ఆ పని ధరలో లేదు కూడా.

కారు మా దగ్గరకు వచ్చినప్పుడు యజమాని అడిగింది ఒక్కటే: వాసన పోవాలి. ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దావిడ ఉన్నారు, ఆమె ఆ కారులో కూర్చోలేకపోతున్నారు. ఈ ఒక్క మాట తరువాతి నిర్ణయాల్లో చాలావాటిని మార్చింది.

ముందు చూడటం, తరువాత కడగడం

కడిగితే నీటి జాడలు చెరిగిపోతాయి కాబట్టి, కారు మీద చుక్క నీరు పడకముందే నీరు ఎటు నుంచి వచ్చిందో తేల్చుకోవాలనుకున్నాము. కారు అడుగున చేరే నీరు అనేక రకాలుగా ఉంటుంది. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోతే ముందు ఎడమవైపు చేరేది రంగు, వాసన లేని నీరు, అదీ ఏసీ వేసినప్పుడే చేరుతుంది. హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలినిచ్చే భాగం) కారితే వచ్చే కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటుంది. రోడ్డు మీది మురుగు ఎక్కితే తలుపుల అడుగు రబ్బర్ల మీద, సీటు కాళ్ళ మీద ఒకే ఎత్తులో బురద గీత మిగులుతుంది. ఈ కారులో జిడ్డు లేదు, బురద గీత లేదు. మురుగు కాదని తేలడంతో, లోపలి సామానంతా పారేయనవసరం లేదన్న ధైర్యం వచ్చింది.

ఇక అద్దం సందు సంగతి. అక్కడి నుంచి వాన కొడితే మొదట తడిసేది తలుపు లోపలి ప్యాడ్, తరువాత సీటు అంచు. ప్యాడ్ మీది గుడ్డ ముక్క మీద నీటి మరక ఒక్కటీ లేదు. సీటు కుషన్ పైభాగం శుభ్రంగా ఉంది, నేలను తాకే అడుగు అంచు మాత్రమే నల్లబడింది. అంటే నీరు పైనుంచి పడలేదు, కింద నుంచి పాకింది.

గ్లవ్ బాక్స్ విప్పి, లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్‌ను బయటికి లాగినప్పుడు అసలు దారి బయటపడింది. ఫిల్టర్ మడతల్లో చింతాకు కంటే కొంచెం పెద్దవైన నిద్రగన్నేరు ఆకులు అతుక్కుని ఉన్నాయి, కాగితం మీద సగం ఎత్తు వరకు టీ మరక లాంటి గోధుమరంగు గీత ఉంది. మన కార్లలో స్టీరింగు కుడివైపు కాబట్టి బ్లోయరు (ఏసీ గాలిని తోసే ఫ్యాన్), ఫిల్టరు ఎక్కువగా ఎడమవైపు గ్లవ్ బాక్స్ వెనక ఉంటాయి. బయటి గాలి వైపర్ల కింది ప్లాస్టిక్ జాలీ గుండా అక్కడికి వస్తుంది. ఆ జాలీ కింద వాన నీరు పోవడానికి తొట్టి, దానికి ఇరువైపులా చిన్న రంధ్రాలు ఉంటాయి. జాలీ విప్పితే, ఎడమ రంధ్రం మీద ఆకులు, దుమ్ము కలిసి పేడముద్దలా పేరుకుని ఉన్నాయి. తొట్టి నిండినప్పుడల్లా నీరు గాలి దారిలోకి పొర్లి, బ్లోయరు మీదుగా ముందు ఎడమ కార్పెట్ కిందికి దిగింది. కారు ముక్కు పైకి ఉండటంతో అక్కడ నిలవకుండా, ముందు సీటు కింద ఉండే అడ్డపట్టీలోని వైర్ల సందుల గుండా వెనకకు జారింది. ముందు నేల చెమ్మగా, వెనక నేల మడుగుగా కనిపించడానికి ఇదే కారణం.

ఆరబెట్టడానికి ముందే ఈ తొట్టిని, రంధ్రాలను శుభ్రం చేశాము. వాన ఇంకా పోలేదు, రోడ్డు మీద నిలిపే కారు. నీరు లోపలికి వచ్చే దారి మూయకుండా ఆరబెడితే ఒక్క రాత్రి వానకు పనంతా మళ్ళీ మొదటికొస్తుంది.

సీట్లు విప్పకుండా చేసిన ప్రయత్నం

ముందు సీట్లు విప్పాలని నేను చెప్పాను. ఇంటావిడకు అది ఇష్టం లేదు. “కంపెనీ బిగించిన సీట్లు విప్పితే మళ్ళీ అలాగే కుదురుతాయా బాబూ?” అని అడిగారు. అది అర్థం లేని భయం కాదు. సరిగ్గా బిగించని సీటు ప్రమాదకరమే. కాబట్టి విప్పకుండా ఎంతవరకు పోగలమో ముందు చూద్దామని ఒప్పుకున్నాను. గుమ్మాల దగ్గరి ప్లాస్టిక్ పట్టీలు తీసి, కార్పెట్ అంచు పైకెత్తి, కింద చెక్క ముక్కలు పెట్టాము. వెట్ వ్యాక్యూమ్‌తో లాగినంత నీరు లాగి, షెడ్‌లోని బ్లోయరు ఫ్యాన్ గాలిని ఆ సందుల్లోకి తోలాము.

పైపొర బాగా ఆరింది, చేతికి తడి తగల్లేదు. అయినా ఒప్పుకోకుండా గాలిలో తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటరు లోపల పెట్టి, అద్దాలన్నీ మూసి రాత్రంతా వదిలేశాము. తెల్లవారుజామున బయటి గాలి కంటే లోపలి గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉంది, వెనక అద్దం లోపలివైపు మసక పట్టింది. మూసిన కారులో తేమ బయటికన్నా ఎక్కువగా ఉందంటే, నీరు ఇంకా ఎక్కడో దాగి ఉందన్నట్టే. ఆ అంకె చూపించాక సీట్లు విప్పడానికి వాళ్ళు ఒప్పుకున్నారు.

ఈ పద్ధతి ఎందుకు ఆగిపోయిందో విప్పాక కనిపించింది. కార్పెట్ కింద పాత గుడ్డపీచుతో చేసిన బొటనవేలు మందం ఫెల్ట్ ఉంది. అది సీటు కాళ్ళ కింద, మధ్య కన్సోల్ కింద నొక్కుకుని ఉంటుంది. అంచున ఎంత గాలి తోలినా అక్కడికి అందదు, పైగా అంచులు ఆరినకొద్దీ నడుమ ఉన్న తడి అంచులకు పాకుతూనే ఉంటుంది.

ఎండ ఎందుకు చాల్లేదు

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన ఊళ్ళో ‘ఎండలో పెడితే ఆరిపోతుంది’ అన్న మాట బట్టల విషయంలో నిజమే గాని, కారు విషయంలో సగమే నిజం. 30 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టగలదు. సముద్రం పక్కనున్న విశాఖలో గాలిలో తేమ 80 శాతం ఉన్న రోజున, అందులో 24 గ్రాములు అప్పటికే నిండి ఉంటాయి. మిగిలిన ఖాళీ 6 గ్రాములే. చిన్న కారు లోపల గాలి సుమారు 3 ఘనపు మీటర్లు అనుకుంటే, ఒకసారి లోపలి గాలంతా మారినప్పుడు బయటికి పోగల నీరు 20 గ్రాముల లోపే. ఈ కారులోంచి తీసిన ఎడమవైపు ఫెల్ట్‌ను తూచి, పూర్తిగా ఆరాక మళ్ళీ తూస్తే తేడా 4 కిలోల పైచిలుకు వచ్చింది. 4 లీటర్ల నీటిని 20 గ్రాముల చొప్పున తరలించాలంటే గాలి 200 సార్లు మారాలి, అదీ ప్రతిసారీ గాలి ఫెల్ట్ లోపలికి చొరబడి తేమ నింపుకుని వస్తేనే.

అద్దాలు మూసి ఎండలో పెట్టడం ఇంకా దండగ. కారు లోపల 50 డిగ్రీలకు చేరితే గాలి ఘనపు మీటరుకు 80 గ్రాముల పైగా ఆవిరిని పట్టుకుంటుంది, కాని అది బయటికి పోయే దారి లేదు. సాయంత్రం చల్లబడగానే అదే ఆవిరి అద్దాల మీద, టాప్ గుడ్డ (కారు పైకప్పు లోపలి గుడ్డ) మీద, సీటు పట్టాల ఇనుము మీద తిరిగి నీరై కూర్చుంటుంది. అప్పటిదాకా నేలకే పరిమితమైన చెమ్మ అలా కారంతా పరుచుకుంటుంది. ఈ కారులో ముందు టాప్ అంచున కనిపించిన బూజు చుక్కలు వాన వల్ల వచ్చినవి కావని, తలుపులు మూసి ఉన్న వేళల్లో ఇలా ఎండకు కాగడం వల్ల వచ్చినవని నా అభిప్రాయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక, అద్దాలు పగిలి తడిసిన కార్లు ఈ ఊళ్ళో చాలా ఉండేవి. కరెంటు లేని ఆ రోజుల్లో ఎండ, గాలి తప్ప వేరే సాధనం లేదు. అప్పుడు తప్పనిసరై చేసిన పని ఇప్పటికీ చాలామందికి పద్ధతిగా మిగిలిపోయింది.

పనిచేసిన విధానం

సీట్లు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, కంపెనీ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాము. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగుకు, బెల్టు బిగింపుకు సంబంధించినవి. వాటిని కరెంటు ఉండగా లాగకూడదు, లాగి ఉంచినప్పుడు తాళం తిప్పనూ కూడదు. తిప్పితే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, చాలా కార్లలో స్కానరుతో చెరిపే దాకా పోదు. అందుకే ఆ సమయంలో కారు తాళం ఎవరి చేతికీ అందకుండా సొరుగులో పెడతాము. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ పెట్టె మధ్య కన్సోల్ కింద నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, కన్సోల్ తీయగానే మొదట దాని చుట్టూ చూశాము. అదృష్టవశాత్తూ అది కొంచెం ఎత్తు దిమ్మె మీద ఉంది, తడి అక్కడిదాకా రాలేదు. ఎడమ గుమ్మం వెంట పోయే వైర్ల కట్టలో ఒక కనెక్టరు పిన్నులకు పచ్చటి చిలుము పట్టింది. దాన్ని కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో కడిగి ఆరబెట్టాము.

కార్పెట్ కింది ఫెల్ట్‌ను కాపాడాలా, పారేయాలా అన్నది తరువాతి ప్రశ్న. వచ్చింది మురుగు కాదు కాబట్టి కడిగి వాడవచ్చునని ఒక ఆలోచన. కాని గుడ్డపీచులోకి బూజు వేరూనాక, ఎంత కడిగినా లోపలి దుమ్ము రూపంలో అది మిగిలే ఉంటుంది. చచ్చిన బూజు కూడా ఆయాసం ఉన్నవారికి పడదు. ఇంట్లో పెద్దావిడ లేకపోతే బహుశా కడిగి ఆరబెట్టి వాడేవాళ్ళం. ఉన్నారు కాబట్టి ఎడమవైపు ఫెల్ట్ మొత్తం కోసి పారేసి, అదే మందం కొత్త ఫెల్ట్ వేశాము. కుడివైపు ముక్క పొడిగా, వాసన లేకుండా ఉంది. దాన్ని తాకలేదు.

కార్పెట్‌ను, వెనక కుషన్ అడుగు అంచును తక్కువ నీటితో పలచని షాంపూ కలిపి, మెత్తని బ్రష్‌తో రుద్ది, ఎక్స్‌ట్రాక్షన్ యంత్రంతో వెంటవెంటనే లాగేశాము. లాగిన నీరు తేటగా వచ్చేదాకా ఉత్త నీటితో మళ్ళీ తడిపి లాగడమే ఇందులో అసలు పని. సబ్బు మిగిలితే దుమ్మును పట్టుకుంటుంది. రుద్దే ముందు బూజు పొడిని హెపా ఫిల్టర్ (సన్నని దుమ్మును కూడా ఆపేది) ఉన్న వ్యాక్యూమ్‌తో లాగాము, పని చేసినవారు ఎన్95 మాస్కు పెట్టుకున్నారు. పొడి బూజును ఉత్త బ్రష్‌తో దులిపితే అది గాలిలోకి లేచి షెడ్ అంతా పాకుతుంది. టాప్ మీది చుక్కలను మాత్రం రుద్దలేదు. టాప్ గుడ్డ పలచని ఫోమ్ మీద జిగురుతో అతికించి ఉంటుంది, ఎక్కువ తడి తగిలితే వేలాడుతుంది. పిండిన గుడ్డతో అద్ది తీశాము. లేత మరక ఒకటి మిగిలింది, అది ఇప్పటికీ ఉంది.

బ్లీచింగ్ వాడమని యజమాని బంధువు ఒకరు గట్టిగా చెప్పారు. వాడలేదు. అది రంగు తీసేస్తుంది, ఇనుమును తినేస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా సీటు బెల్టు నేతను బలహీనపరుస్తుంది. ఎడమ బెల్టు అడుగు కొస మీద బూజు ఉన్నా, తేలికపాటి సబ్బు నీటితోనే తుడిచి, బెల్టును పూర్తిగా బయటికి లాగి, క్లిప్పు పెట్టి, నీడలో ఆరనిచ్చాము. వాసన పోగొట్టడానికి కొందరు వాడే ఓజోన్ వాయువు యంత్రం కూడా పెట్టలేదు. ఆ వాయువు గాలిలో ఉన్న వాసనను తగ్గిస్తుంది గాని తడి ఫెల్ట్ నడుమకు చేరదు, రబ్బరు బీడింగులను పాడుచేస్తుంది, ఊపిరితిత్తులకు హాని. మూలం తీసేశాక దాని అవసరమూ కనిపించలేదు.

ఆరబెట్టడానికి కారును, విప్పిన సామాన్లను షెడ్‌లోని మూసిన గదిలో పెట్టి, డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను నీరుగా లాగే యంత్రం), రెండు ఫ్యాన్లు వేశాము. కిటికీలు తెరిస్తే సముద్రపు గాలి తేమను తెచ్చి పోస్తుంది. మూస్తే యంత్రం లాగిన నీరు మళ్ళీ రాదు. కార్పెట్‌ను నేల మీద పరచకుండా దండెం మీద తిరగవేసి ఆరేశాము. యంత్రం బకెట్‌లో మొదట గంటగంటకూ చేరిన నీరు రానురాను తగ్గి, చివరకు గదిలోని మామూలు తేమ మేరకే చేరసాగింది. చేతి స్పర్శ కంటే ఆ బకెట్‌నే మేము నమ్మాము. ఆ తరువాత కూడా మడిచిన టిష్యూ కాగితం మీద అరచేత్తో బరువుగా నొక్కి, చెమ్మ అంటుతుందేమో వరుసగా చూశాము.

డీహ్యూమిడిఫయర్ లేని ఇంట్లో, తడి తేలిక అయితే, కారు ఏసీనే వాడుకోవచ్చు. లోపలి గాలి తిరిగే బటన్ నొక్కి, ఏసీ వేసి, వేడి కూడా కొంచెం పెంచితే, ఏసీ గాలిలోని నీటిని లాగి కారు కిందికి చుక్కలుగా వదులుతుంది. ఆరుబయట మాత్రమే చేయాలి, మూసిన పార్కింగులో ఇంజను నడపకూడదు. వైర్లు, కనెక్టర్లు తడిశాయన్న అనుమానం ఉంటే అసలు స్టార్ట్ చేయకూడదు. ఈ కారుకు ఆ అనుమానం ఉంది కాబట్టి మేము ఆ దారి పట్టలేదు.

ఏసీ వైపు పని త్వరగానే అయింది. క్యాబిన్ ఫిల్టర్ కొత్తది వేశాము. బ్లోయరు గూడును తుడిచి, ఆకు ముక్కలు తీసి, ఎవాపరేటర్‌కు (ఏసీలో గాలిని చల్లబరిచే భాగం) క్లీనర్ కొట్టి, డ్రెయిన్ పైపులోంచి నీరు ధారాళంగా పోతున్నదని చూసుకున్నాము.

బిగించే ముందు నీటి పరీక్ష

సీట్లు బిగించకముందే, కొత్త ఫెల్ట్ వేయకముందే, కారు ముక్కును వాళ్ళ వీధిలో ఉండేంత ఎత్తుకు ఎత్తి పైపుతో నీరు పట్టాము. కింది నుంచి పైకి పోవాలన్నది ఇక్కడి నియమం. ముందు తలుపు అడుగు, తరువాత తలుపు అద్దం, తరువాత వైపర్ల జాలీ, చివరకు ముందు అద్దం అంచు. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదుగా జారుతుంది, ఏ సందు కారుతున్నదో తెలియదు. లోపల ఒక కుర్రాడు టార్చితో ఉత్త ఇనుప నేల మీద కూర్చున్నాడు. జాలీ దగ్గర చాలాసేపు నీరు పట్టినా లోపల చుక్క రాలేదు. వెనక ఎడమ అద్దం సందు ఉండగా పట్టినప్పుడు మాత్రం తలుపు ప్యాడ్ మీద నాలుగు చుక్కలు పడ్డాయి. అవి నేలకు కూడా చేరలేదు.

సీటు బోల్టులను కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించి, ఆ అంకెలను యజమానికి ఇచ్చిన కాగితంలో రాశాము. ఇంటావిడ అడిగిన ప్రశ్నకు సరైన జవాబు అదేననిపించింది. రాత్రంతా మూసి ఉంచిన కారులో తెల్లవారుజామున తేమ ఈసారి బయటి గాలికి సమానంగానే ఉంది, అద్దాలు తేటగా ఉన్నాయి. కారు అప్పగించాక తరువాతి వానలకూ వాసన రాలేదని వాళ్ళు చెప్పారు. పెద్దావిడ ఇప్పుడు ఆ కారులో కూర్చుంటున్నారు.

చెట్టు కింద నిలపడం మానమని మేము చెప్పలేదు, అక్కడ వేరే చోటు లేదు. బానెట్ ఎత్తి ఆ తొట్టి అంచుల్లో ఆకులు చేత్తో ఎలా ఏరాలో యజమానికి చూపించాము, ఒక చెంబు నీరు పోసి కారు కింద ముందు చక్రం వెనక ధార పడుతుందో లేదో చూడమన్నాము. చిలుము పట్టిన కనెక్టరు ఉప్పుగాలి ఉన్న ఈ ఊళ్ళో మళ్ళీ పచ్చబడే అవకాశం ఉంది. తరువాతి తొలకరికి ముందు ఆ గుమ్మం పట్టీ ఒక్కటి విప్పి చూడాలని జాబ్ కార్డులో రాసి పెట్టాము.